విమానములో పొగవాసన



మీలో ననేకులు కోర్టుపనిమీదనో, వైద్యమునకో హైదరాబాదునకు వచ్చి నాంపల్లి స్టేషనులో దిగినవారే. 1907లో కట్టిన ఆ స్టేషనునుండి అబిడ్సులోని పెద్ద తపాలాఫీసుదాక నడచి పోవచ్చును. నాంపల్లిలోనే హజ్ హౌసు కలదు. యాత్రాకాలమున పల్లెలనుండి వృద్ధులు మూటలతో అచ్చటికి చేరి, కాగితములు చూపించుకొని, బస్సులలో శంషాబాదు విమానాశ్రయమునకు తరలుదురు. గల్ఫు దేశములకు పోవు కుమారులను, కూతురి పురిటికై అమెరికా పోవు తల్లులను గూర్చి వేఱుగ చెప్పనక్కరలేదు. కావున విమానప్రయాణము నేడు మీకు దూరపు సంగతి కాదు.

రైలులో కీడు తోచినచో గొలుసు లాగుదుము. విమానములో గొలుసు లేదు. తలపైన నొక మీట యున్నది. దానిని నొక్కిన పరిచారిక వచ్చును. ఆమె కాఫీ యిచ్చుటకు నియమింపబడినదని మనవారి తలంపు. కాని ఏబది ఆసనములకు ఒకరు చొప్పున వారుండవలెనని నియమము పెట్టినది కాఫీకొఱకు కాదు, మన ప్రాణరక్షణకొఱకు.

మా మేనకోడలు ఆ యుద్యోగమందే యున్నది. సెలవులకు వచ్చినప్పుడు అబిడ్సునకును నాంపల్లికిని నడుమ సందులోనున్న మా యింట దిగును. "అమ్మాయీ, ఆకాశమున పొగవాసన వచ్చినచో మీరేమి చేయుదురు?" అని యొకమాఱు అడిగితిని.

"ఒక్కరమే పరుగెత్తము, మామయ్యా. ముగ్గురము పని పంచుకొందుము. మొదట చూచినది మంటలనార్పు సాధనమును చేతబట్టి అచ్చటనే నిలుచును. రెండవది టెలిఫోనులో కెప్టెనుకు చెప్పును. మూడవది పొగముసుగు, నీళ్లు, మఱియొక సాధనము తెచ్చును" అన్నది.

మరుగుదొడ్డినుండి పొగ వచ్చినచో తలుపును దిగ్గున తెఱవరట. మునివేళ్ల వెనుకభాగముతో తలుపును క్రిందినుండి పైదాక తాకి చూతురు. వేడిగా నున్నచో లోపల నిప్పున్నట్లు. తెఱచినచో గాలి తగిలి మంట పెరుగును. కొంచెమే సందుచేసి, మందు చిమ్మి, మరల మూయుదురు. చేతిఫోనుగాని పవర్ బ్యాంకుగాని కాలినచో మంటనార్పిన తరువాత నీరు పోసి చల్లార్చుచునే యుందురు. లేనిచో అది మరల అంటుకొనును. అందువలననే పవర్ బ్యాంకును క్రింది సామానులో వేయక చేతిసంచిలో నుంచుకొమ్మందురు. ఎండుకొబ్బరిని పోనీయకుండుటయు ఇట్టిదే. అది తనంతట తానే వేడెక్కి రాజుకొనగలదు. బంధువులకై మూటగట్టినవారికి ఇది కష్టము తోచును గాని, ఏమి చేయుదుము!

ఈ పనులన్నిటిలో కెప్టెనుకు చెప్పుటయే కీలకము. ఆయన యున్నది మూసిన గదిలో. వెనుక ఏమి జరుగుచున్నదో ఆయనకు కనబడదు. ఎక్కడ, ఏమి, ఎంత, ఏ రంగు పొగ, తాము ఏమి చేసితిమి అనునవి తడబడక చెప్పవలెను. చెప్పని రెండు సందర్భములను వినుడు.

1989 జనవరి 8వ తేదీని లండనునుండి బెల్ఫాస్టునకు పోవు విమానములో ఎడమ ఇంజను చెడినది. పైలట్లు పొరబడి కుడిదానిని ఆపిరి. కుడి ఇంజనును గూర్చి కెప్టెను ప్రయాణికులకు చెప్పగా, ఎడమవైపున నిప్పురవ్వలను చూచినవారు ఇదేమని విస్తుపోయిరి; కాని ఒక్కరును పరిచారికలతో ఆ మాట అనలేదు. వెనుకనున్న పరిచారకులును ఎడమవైపు నిప్పును చూచిరి. కెప్టెను "కుడి" యన్నది వారు గమనింపలేదు. కెగ్‌వర్తు గ్రామమువద్ద విమానము కూలి 47 మంది మరణించిరి. రెండు నెలలకే, మార్చి 10వ తేదీని, కెనడాలోని డ్రైడెనులో ఱెక్కలపై మంచుతోనే యొక విమానము లేచి పడిపోయినది. 24 మంది పోయిరి. బ్రతికిన పరిచారిక ఆ మంచును చూచినది. ఇట్టి సంగతులు తమవంటివారు చెప్పుట పైలట్లకు నచ్చదని తలచి ఊరకుండెను.

పెద్దలు మాటలాడుచుండగా పిన్నలు నోరు మెదపరాదను మర్యాద మన పల్లెలలో గలదు. నేనును అందులో పెరిగినవాడనే. దానిని ఎగతాళి చేయను. కాని ఆ మర్యాద విమానమున చెల్లదని నా దృఢాభిప్రాయము. నేడు పైలట్లకును పరిచారికలకును ఈ విషయమున కలిపి శిక్షణ యిత్తురు. పదివేల అడుగుల క్రింద పైలట్లను అనవసరముగా పలుకరింపరాదను కట్టుబాటున్నను, పొగ, నిప్పు అనునవి దానికి లోబడవు.

మన యెదుటనే జరిగినది చెప్పుదును. 2022 అక్టోబరు 12వ తేదీ రాత్రి గోవానుండి హైదరాబాదు వచ్చుచున్న విమానములో పొగ క్రమ్మినది. ఇంజను నూనె కాఱి, చల్లగాలి వచ్చు మార్గములో చొచ్చినదని తరువాత తేలినది. 86 మంది ప్రయాణికులు. విమానము శంషాబాదులో దిగినది, అందఱును బయటపడిరి. దిగునప్పుడు ఒకరికి కాలు గీచుకొన్నది.

దిగిన పిమ్మట పరిచారికల పని అసలు మొదలగును. సగము ద్వారములతోనే తొంబది సెకండ్లలో అందఱును దిగగలరని నిరూపించిన విమానమునకే అనుమతి. "సంచి తీసికొందును, ఒక్క క్షణమాగుడు" అని నడవలో నిలుచువాడు వెనుకనున్న వారందఱి దారిని అడ్డగించుచున్నాడు. అందుకే అప్పుడు వారు మర్యాదగా మాటలాడరు, అరతురు. పెద్దవారమని మనము కినుక వహింపరాదు.

2024 జనవరి 2వ తేదీని టోకియోలోని హనేడా విమానాశ్రయమున దిగుచున్న విమానము మఱియొక చిన్న విమానమును ఢీకొని మండినది. చిన్న విమానములోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయిరి. పెద్దదానిలో లోపలి టెలిఫోను పనిచేయలేదు. పరిచారికలు మెగాఫోనుతోను, గొంతుతోను కేకలు వేసిరి. ఎనిమిది ద్వారములలో ఐదింటివద్ద ప్రమాదమని అద్దములలోనుండి చూచి వానిని తెఱవలేదు. వెనుక ద్వారముకడ నున్న పరిచారికకు కెప్టెనుతో మాటలాడు దారి లేక, తనంతట తానే నిశ్చయించి తలుపు తెఱచినది. మూడు ద్వారములనుండియే 379 మందియు దిగిరి. సామానంతయు లోపలనే కాలిపోయినది.