వ్యాధికాల భృతి: అర్జీయు, అప్పీలును
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఏటేట ఈ వేదికనుండి ముచ్చటించుచునే యున్నారు. కష్టజీవి మంచము పట్టినప్పుడు వానికి న్యాయముగా రావలసిన పైకమును గూర్చి విన్నవారు తక్కువ. కావున నేడు ఆ విషయము నెత్తుకొంటిమి.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల యువకులు కొబ్బరితోటలను, వరిచేలను విడిచి హైదరాబాదు, విశాఖపట్టణముల కర్మాగారములకును, దుకాణములకును పోవుచున్నారు. వారి జీతపు కాగితములో ఇ.ఎస్.ఐ. యని యొక చిన్న కోత యుండును. 2019 జూలై మొదలు కార్మికుని వాటా నూటికి ముప్పావలా. యజమాని వాటా నూటికి 3 రూపాయల 25 పైసలు. నెలకు 15,000 రూపాయలు తెచ్చుకొనువానికి 113 రూపాయలు పోవును. దీనికి ప్రతిఫలమేమని యడిగిన, మందులిత్తురని చెప్పువారే గాని, రోగకాలమున వేతనములో భాగమిత్తురని యెరిగినవారు అరుదు.

ఇట్టి బీమాను జర్మనీ దేశము 1883 లోనే శాసనము చేసెను. మన దేశమున ఆచార్య అదార్కరుగారు 1944 లో నివేదిక యొసగిరి. నేడు మన జిల్లాకు పేరైన డాక్టరు అంబేద్కరుగారు అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహక సభలో కార్మికశాఖ సభ్యులు. 1948 లో చట్టమయ్యెను. 1952 ఫిబ్రవరి 24 న కాన్పూరు, ఢిల్లీలలో అమలు మొదలాయెను.

ఆ చట్టపు ఏర్పాటు ఇట్టిది. ఆరునెలల చందాకాలములో 78 దినములకు చందా చెల్లినచో, తదనుగుణమైన లాభకాలమున వ్యాధిభృతికి హక్కు గలుగును. సగటు దినవేతనములో నూటికి 70 వంతున, ఏడాదికి 91 దినములవరకు ఇత్తురు. తొలి రెండు దినములకు సాధారణముగా లేదు. దినవేతనము 500 రూపాయలుగా లెక్కకు వచ్చినవాడు నెల దినములు పడకనున్నచో, 28 దినములకు 9,800 రూపాయలు రావలెను. ఒక కుటుంబమునకు ఇంటియద్దెయు, బియ్యమును ఇందులో వెళ్లును. క్షయ, పుట్టకురుపు మున్నగు దీర్ఘవ్యాధులకు నూటికి 80 వంతున రెండేండ్లదాకను భృతి గలదు. దానికి నియమములు వేరు, పాతఉద్యోగులకే వర్తించును.

మనవారు ఈ హక్కును పోగొట్టుకొను చోటు ఒకటి కలదు. పట్టణమున జ్వరము తగిలినంతనే రాత్రి బస్సెక్కి రావులపాలెములో దిగి, కన్నతల్లి చెంతకు చేరుదురు. ఇది సహజమే, ఒంటరిగదిలో గంజి కాచిపోయువారెవరు? ఊరి ఆర్.ఎం.పి. సూదిమందిచ్చును, జ్వరము తగ్గును. తిరిగి పోయి అర్జీ పెట్టినప్పుడు చేత కాగితము లేదు. బీమా వైద్యాధికారి వ్రాసిన ధ్రువపత్రము భృతికి మూలము. కావున బస్సెక్కకముందే డిస్పెన్సరీకి పోయి మొదటి పత్రము పుచ్చుకొనవలెను. ఊరిలోనే జబ్బుపడినచో రిజిస్టరు గల వైద్యుని చీటీ, పరీక్షల ఫలితములు, మందుల రసీదులు దాచవలెను. ప్రత్యేక పరిస్థితులలో ఇతర సాక్ష్యమును అంగీకరించు అధికారము కార్పొరేషనుకు నిబంధనలలోనే గలదు. ఆర్.ఎం.పి. చీటీకి ఆ విలువ లేదు.

ఇక తిరస్కారము. కిటికీవద్ద గుమాస్తా ‘కుదరదు’ అన్నంతనే మనవారు తలవంచుకొని వత్తురు. నోటిమాటపై అప్పీలు నడుపుట కష్టము. అర్జీకి రసీదును, తిరస్కారమునకు కారణమును వ్రాతమూలకముగా నడుగవలెను. శాఖా కార్యాలయముపై ప్రాంతీయ కార్యాలయమునకు మొరపెట్టుకొనవచ్చును. అక్కడను తెగనిచో ఉద్యోగుల బీమా న్యాయస్థానము గలదు. సామాన్య సివిలు కోర్టుకు ఈ తగవులు పోవు. 1948 చట్టము ప్రకారము భృతి రావలసిననాటి నుండి 12 నెలలలో అర్జీ పెట్టవలెను, వివాదము పుట్టిన 3 ఏండ్లలోపల న్యాయస్థానమునకు పోవలెను. తీర్పుపై 60 దినములలో హైకోర్టుకు అప్పీలు గలదు. ముఖ్యమైన న్యాయప్రశ్న యుండినగాని అది వినరు. కాబట్టి సాక్ష్యమంతయు కింది న్యాయస్థానముననే పెట్టవలెను. భృతి పొందుచున్న కాలమున కార్మికుని తొలగించుటగాని, శిక్షించుటగాని ఆ చట్టము నిషేధించినది.

ఆ చట్టము 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో కలిసినది. స్మృతి 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చెను. బీమా న్యాయస్థానమును, హైకోర్టు అప్పీలును అందును గలవు. అర్జీ వ్రాయువారు పాత సెక్షను అంకెలు ఎత్తివ్రాయక సరిచూచుకొనవలెను.

బండారులంకలో ఇంటిమగ్గముపై నేయువానికిని, కొబ్బరి దింపువానికిని, కువైటులో ఇంటిపనికి పోయిన మన ఆడుబిడ్డకును ఈ బీమా లేదు. చందా కట్టు యజమాని యిక్కడ లేడు. వారిమాట వేరుగా ఆలోచింపవలసినదే. అది చిన్నవిషయము కాదు.

ప్రస్తుతము మా కోరిక యిది. ప్రతి మండలమునను చదువుకొన్న యువకుడొకడు అర్జీలు వ్రాసిపెట్టుటకు ముందుకు రావలెను. న్యాయవాదులైన పోషకులు ఏడాదికి ఒకటి రెండు వ్యాజ్యములు ఫీజు లేక నడుపవలెను. మీ యింటివాడు పట్టణమున పనిచేయుచున్నచో, వాని బీమాసంఖ్యను నేటిరాత్రియే యడిగి గోడపంచాంగముపై వ్రాసి యుంచుకొనుడు.