మురుగు గొట్టం మాటిమాటికీ పూడితే



పంటకాలువలో పూడిక ఎక్కడ పడుతుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. కాలువ వాలు తగ్గి నీరు నెమ్మదించిన చోటనే ఒండ్రు దిగుతుంది. దాన్ని ఎత్తిపోసి ఊరుకుంటే వచ్చే తడికి మళ్ళీ అక్కడే దిగుతుంది. పొలంలో ఇంత ఎరిగిన మనమే పెరట్లో మురుగు గొట్టం పూడినప్పుడు ఆ సంగతి మరచిపోతాము. మనిషిని పిలిచి పొడిపిస్తాము, కూలి ఇచ్చి పంపుతాము. రెండు నెలలు తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది.

ఈ పూట చెప్పదలచిన మాట ఇదే. గొట్టం ఒకసారి పూడితే ఏదో పొరపాటున పూడిందనుకోవచ్చును. మళ్ళీ మళ్ళీ పూడితే మాత్రం గొట్టంలోనో, మన వాడుకలోనో లోపమున్నదన్నమాట. ఆ లోపం దిద్దనిదే ఎన్నిసార్లు పొడిపించినా ఖర్చే గాని ఫలితముండదు.

మొదట అడ్డు ఎక్కడున్నదో చూడవలెను. మరుగుదొడ్డి ఒక్కటే నిలిచి, స్నానాలగది నీరు మామూలుగా పోతున్నదా? అయితే అడ్డు పళ్ళెం కింది వంపులోనో, దాని నుండి వచ్చే గొట్టంలోనో ఉంటుంది. అన్నీ ఒకేసారి నిలిచాయా? ఇంటికి దగ్గరి చాంబరు మూత తీయండి. అది ఖాళీగా ఉంటే అడ్డు ఇంటికీ చాంబరుకూ నడుమ ఉన్నట్లు. నిండి ఉంటే అడ్డు ఆవల ఉన్నట్లు. ఇట్లా ఒక్కొక్క చాంబరే చూస్తూ పోతే, నిండినదానికీ ఖాళీగా ఉన్నదానికీ నడుమ దొంగ దొరుకుతాడు. చివరి చాంబరు కూడా నిండి ఉంటే, సెప్టిక్ ట్యాంకో దాని వెనుక ఇంకుడు గుంతో నిండిందేమో చూడాలి. ట్యాంకులోని మడ్డిని 2, 3 ఏళ్ళకొకసారి యంత్రంతో తోడించడం మంచిది.

అడ్డును పొడవాటి వెదురు బద్దతో గాని, ప్లంబరు తెచ్చే స్ప్రింగు తీగతో గాని తీయవచ్చును. చేతికి తొడుగులు వేసుకోండి. గొట్టం నోటికి ఎదురుగా నిలబడకండి. నిలిచిన నీరు ఒక్కసారిగా దూకుతుంది. పని కాగానే కాళ్ళూ చేతులూ సబ్బుతో కడుక్కోండి.

అడ్డు తెగగానే అందరం చేసే తప్పు ఒకటున్నది. బయటికి వచ్చినదాన్ని చూడకుండా నీళ్ళు కొట్టేస్తాము. చూడండి, రోగం పేరు అదే చెప్తుంది. ఇసుకా బూడిదా వస్తే గిన్నెలు తోమిన నీళ్ళు అటు పోతున్నాయి, లేదా గొట్టం పగిలి మట్టి దిగుతున్నది. తెల్లటి జిడ్డు గడ్డలు వస్తే వంటింటి నూనె. వెంట్రుకలూ, గుడ్డపేలికలూ వస్తే వాడుకలో లోపం. సన్నని వేళ్ళు వస్తే దగ్గరి చెట్టు వేరు అతుకు సందులోంచి దూరింది. వేళ్ళు కోస్తే మళ్ళీ పెరుగుతాయి, ఆ ముక్క తీసి అతుకు గట్టిగా ఉండే పి.వి.సి. గొట్టం వేయవలసిందే. ఇవేవీ లేక వట్టి మలమే గడ్డకట్టి ఉంటే, వాలును అనుమానించండి.

వాలు ఎట్లా కొలవాలంటారా? రెండు చాంబర్ల మీదుగా ఒక తాడు లాగి, నీటి గొట్టంతో మట్టం చూసి కట్టండి. తాడు నుండి గొట్టం అడుగు దాకా రెండు చోట్లా కొలవండి. తేడాయే వాలు. 4 అంగుళాల మురుగు గొట్టానికి 20 అడుగుల దూరంలో 4 నుండి 6 అంగుళాల వాలు ఉండాలి. మొత్తం మీద వాలు సరిపోయినా, నడుమ మట్టి కుంగి గొట్టం దిగబడితే ఆ పల్లంలో మడ్డి నిలుస్తుంది. మూల దగ్గర గొట్టం నిలువునా విరిచినట్లు తిరిగినా అంతే. అక్కడ చాంబరు కట్టించండి, లేదా రెండు చిన్న వంపులతో తిప్పించండి.

2014లో స్వచ్ఛ భారత్ మొదలైన తరువాత చాలా ఊళ్ళలో జంట గుంతల మరుగుదొడ్లు కట్టారు. వీటిలో పోసే నీరు తక్కువ గనుక వాలు ఎక్కువ కావాలి: 20 అడుగులకు 16 అంగుళాలు. ఒకసారికి ఒక గుంతకే దారి విడవండి. అది నిండినప్పుడు రెండో దానికి మార్చి, మొదటిదాన్ని 2 ఏళ్ళు మూసి ఉంచితే మట్టి వాసన వేసే ఎరువు అవుతుంది. స్నానం నీరు, వంటింటి నీరు ఆ గుంతల్లోకి పంపకండి. అరటి పాదుకో, చేమ మడికో మళ్ళించండి.

రెండు హెచ్చరికలు. గొట్టంలో యాసిడ్ పోయకండి. పోసిన తరువాత పొడవబోయినవాని కంటికే ముప్పు. అది బ్లీచింగు పొడితో కలిస్తే విషవాయువు పుడుతుంది.

రెండవది ప్రాణాలకు సంబంధించినది. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపకండి, మీరూ దిగకండి. లోపలి వాయువు మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ఆ వాసన తెలిసే శక్తినే పోగొడుతుంది. వాసన లేదు గదా అని దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి లాగబోయిన రెండోవాడూ పడిపోతాడు. దీపం దింపి చూడడమూ ప్రమాదమే, మండే వాయువు కూడా ఉంటుంది. రక్షణ సాధనాలు లేకుండా మనుషుల చేత ఈ పని చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, మురుగు పనిలో చనిపోయినవాని కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలన్నది. ఆ సొమ్ముతో పోయిన మనిషి తిరిగి వస్తాడా? యంత్రం అద్దె ఎంతైనా చౌకే.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీ ఊళ్ళో ఎవరు ఇల్లు కడుతున్నా, గొట్టం మీద మట్టి కప్పకముందే తాడు పట్టించి వాలు చూపించండి. రైతు సోదరులారా, గొట్టం పూడిన ప్రతిసారీ తేదీ, చోటు, బయటికి వచ్చినదేమిటో గోడ మీద రాసి పెట్టుకోండి. మూడు గీతలు ఒకే చోటును చూపితే, అక్కడ ఒకసారి తవ్వండి. మళ్ళీ మళ్ళీ పొడిపించే బాధ తప్పుతుంది.