జపాను బడిపిల్లల బ్యాండుమేళము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బ్యాండుమేళము అనగానే మన మనస్సునకు పెండ్లి ఊరేగింపు తోచును. ఇత్తడి బాకాలు, ముందు నడచు డోలు, తళుకుటంగీలు. ఆ వాద్యకారులు బ్రతుకుతెరువునకై ఆ విద్య నేర్చినవారు. నేడు నేను మనవి చేయబోవు మేళము వేఱు. అందు వాయించువారు పదునైదు మొదలు పదునెనిమిది ఏండ్ల ఈడుగల బడిపిల్లలు. వారిలో అధికసంఖ్యాకులు బాలికలు. పెద్దయిన పిమ్మట సంగీతమే జీవనోపాధి కాగలదని తలచి వాయించువారు వారిలో బహు కొద్దిమంది. అయినను వారి వాద్యమును, నడకను చూచి దేశదేశముల జనులు ఆశ్చర్యపడుచున్నారు.

ఒక్క ఉదాహరణము చెప్పెదను. జపానులోని క్యోటో నగరమున తాచిబానా అను ఉన్నత పాఠశాల కలదు. తాచిబానా యనగా నారింజజాతికి చెందిన ఒక చెట్టు. ఆ మేళమువారి దుస్తులును నారింజవన్నెవే. ఈ మేళము 1961లో ఏర్పడినది. అమెరికాలోని పాసడీనా నగరమున ఏటేట సంవత్సరారంభమున గులాబీల ఊరేగింపు అను గొప్ప ఉత్సవము జరుగును. ఆ త్రోవ పొడవు సుమారు 9 కిలోమీటర్లు. 2012, 2018, 2025 సంవత్సరములలో తాచిబానా విద్యార్థులు ఆ త్రోవ పొడవునను వాయించుచు, గంతులు వేయుచు, నాట్యమాడుచు నడచిరి. 2022 అక్టోబరు 10వ తేదీన తైవాను జాతీయ దినోత్సవమునను పాల్గొనిరి. ఊపిరితో వాయించు వాద్యమును పెదవికి ఆనించి గంతు వేయుట ఎంత కష్టమో ఆలోచింపుడు. వాద్యము అదరరాదు, శ్రుతి చెదరరాదు, వరుస తప్పరాదు.

కాని నేను మీ దృష్టికి తేదలచిన విశేషము ఇది కాదు. జపానులో ఉన్నత పాఠశాల చదువు మూడేండ్లు. ఏటేట మార్చి నెలలో పెద్ద తరగతివారు వెడలిపోదురు. ఏప్రిలులో క్రొత్తవారు వచ్చి చేరుదురు. మూడేండ్లు గడచునప్పటికి మేళమంతయు క్రొత్తదగును. 2012లో నడచిన పిల్లలలో ఒక్కరును 2018లో లేరు. 2018లో నడచినవారిలో ఒక్కరును 2025లో లేరు. నైపుణ్యము మాత్రము తగ్గలేదు. నీరు మారుచున్నను ఏరు నిలిచియున్నది. ఇది యెట్లు సాధ్యమైనది?

పుట్టుకతో వచ్చిన విద్య యందుమా, అదియును కాదు. పాశ్చాత్య వాద్యములు జపానువారికి పరాయివి. 1869లో సత్సుమా ప్రాంతపు యువకులు సుమారు ముప్పదిమంది యొకొహామాలోని ఒక బౌద్ధాలయమున ఫెంటన్ అను బ్రిటిషు సైనిక వాద్యాధికారియొద్ద ఈ విద్యను ఆరంభించిరి. మరుసటి యేడు లండను నుండి వాద్యములు వచ్చెను. 1879లో ప్రభుత్వము సంగీతవిద్యకై ఒక శాఖను ఏర్పరచి, ఇసావా షూజీ అను విద్యావేత్తకు అప్పగించెను. 1880లో బోస్టను నగరమునుండి మేసన్ అను ఉపాధ్యాయుని రప్పించిరి. అనంతరము పాట బడిలో ఒక పాఠమయ్యెను.

వాద్యములను సొంతముగ చేసికొనుటయు నేర్చిరి. 1887లో హమమాత్సు పట్టణమున ఒక బడిలోని హార్మోనియమువంటి వాద్యము చెడిపోగా, యమహా తొరకుసు అను పనివాడు దానిని బాగుచేసి, పిదప అట్టివాటిని తానే తయారుచేయసాగెను. మన వీధులలో తిరుగు యమహా మోటారు సైకిళ్లమీది గుర్తు మీరు చూచియే యుందురు. అవి మూడు శ్రుతిదండములు. ఆ పేరు సంగీతమునుండి వచ్చినదనుటకు అది సాక్ష్యము. 1939లో మేళములన్నిటికి ఒక సమాఖ్య యేర్పడెను. 1940లో తొలి అఖిల జపాను పోటీ ఒసాకాలో జరిగెను. యుద్ధమువలన నిలిచిపోయిన పోటీలు 1956లో తిరిగి ఆరంభమయ్యెను.

ఇక వారి సాధనవిధానమును చూతము. బడి ముగిసిన పిమ్మట విద్యార్థులు తమకు నచ్చిన సంఘములో చేరుదురు. బ్యాండు అట్టి సంఘములలో నొకటి. నూరుమంది పిల్లలకు ఉపాధ్యాయుడొక్కడే యుండవచ్చును. నూరు పెదవులను, ఇన్నూరు పాదములను అతడొక్కడు దిద్దజాలడు. కావున ప్రతి వాద్యమునకు ఒక నాయకురాలు ఉండును. ముందు చేరినవారిని సెన్‌పాయ్ అనియు, వెనుక చేరినవారిని కోహాయ్ అనియు పిలుతురు. నిరుడు తాను నేర్చినదానిని ఈ యేడు ఆ పెద్దపిల్ల ప్రక్కన కూర్చుండి క్రొత్తపిల్లకు నేర్పును. నేర్పుటవలన తనకును ఆ విద్య గట్టిపడును.

నేర్పునవి పెద్ద విషయములు కావు. ఒక్క స్వరమును ఊపిరి చాలునంతవఱకు నిలుకడగా పట్టుట. వాయించుటకు ముందు నోటితో పాడి శ్రుతి సరిచూచుకొనుట. 5 మీటర్లను సరిగా 8 అడుగులలో నడచుట. అనగా ఒక్కొక్క అడుగు 62.5 సెంటీమీటర్లు. పొడుగువారైనను పొట్టివారైనను అడుగు అదియే. కుర్చీలు సర్దుట, గది ఊడ్చుట, వాద్యములు మోయుటయు పిల్లల పనియే. వీనికి జీతగాండ్రు లేరు. తాము ఊడ్చిన గది తమది యను భావము పిల్లలలో కలుగును.

పోటీల పద్ధతియు తెలిసికొనదగినది. వాద్యగోష్ఠి పోటీలో మేళమునకు 12 నిమిషములు మాత్రమే యిత్తురు. బంగారు, వెండి, కంచు అని మూడు తరగతులు. బంగారము ఒక్కరికే గాక, తగినవారికెల్లరకు లభించును. కాని వారిలో పై పోటీకి పోవువారు కొందఱే. మిగిలినవారి బహుమతిని పిల్లలు 'పనికిరాని బంగారము' అని తమలో తాము అనుకొందురు. ఆ మాటలో ఎంత ఆశ, ఎంత దుఃఖము కలదో గ్రహింపుడు. టోక్యోలోని ఫుమోన్‌కాన్ అను 5,000 మంది పట్టు సభాభవనమున చిరకాలము, 2011 వఱకు, తుదిపోటీలు జరిగెను. ఆ భవనమును పడగొట్టుటకు ముందు, 2018లో, దాని వేదికను కొన్నాళ్లు ప్రజలకు తెరచియుంచగా, వేలకొలది జనులు వచ్చి, తమ వాద్యములను అక్కడ కడసారి వాయించి పోయిరి.

సభాసదులారా, మెచ్చుకొనుటతో నా పని తీరలేదు. ఈ శ్రేష్ఠతకు మూల్యము చెల్లించువారును కలరు. తెల్లవారుజామున సాధన, సాయంకాలము సాధన, ఆదివారమును సాధన; ఇట్లు చదువునకు, నిద్రకు చాలని పిల్లలు అనేకులు. విరామములేక అలసిన ఉపాధ్యాయులు అనేకులు. పెద్దపిల్లల అధికారము పిన్నలకు భయకారణమైన చోట్లును లేకపోలేదు. అందువలన 2018లో ప్రభుత్వమే కొన్ని సూచనలు చేసినది: పనిదినములలో సుమారు 2 గంటలు, సెలవుదినములలో సుమారు 3 గంటలకు మించి సాధన కూడదు, వారమునకు కనీసము రెండు దినములు విశ్రాంతి యుండవలెను. 2023 నుండి మాధ్యమిక పాఠశాలలలోని సెలవుదినముల సాధనను క్రమక్రమముగా స్థానిక సంఘములకు అప్పగించుట మొదలైనది. ఏది నిలుపవలెనో, ఏది విడువవలెనో ఆ దేశమే నేడు ఆలోచించుచున్నది.

మన సంఘమున ఈ ప్రసంగమేల యని మీరు అడుగవచ్చును. మనము తరతరములుగా పరభాషాప్రాంతములలో స్థిరపడినవారము. పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదువుచున్నారు. ఆ భాషలు మనకు అన్నము పెట్టినవి. వానిపై మనకు గౌరవమే కాని ద్వేషము లేదు. కాని మన యిండ్లలోని స్థితి యేమి? తాతలు తెలుగు చదివిరి. తండ్రులు మాటాడిరి. పిల్లలు విని గ్రహించుచున్నారు. మనుమల మాటయేమి?

మనమేమి చేయుచున్నాము? ఒక్క పంతులుగారిని కుదిర్చి, ఆదివారము ఒక గంట పాఠము చెప్పించి, మన బాధ్యత తీరినదనుకొనుచున్నాము. ఆ పంతులుగారు ఊరు మారినచో తరగతి మూతపడును. ఒక్కని భుజముపై నిలిచిన విద్య ఆయనతోడనే పోవును. మూడేండ్లకొకమారు పూర్తిగ మారిపోవు మేళము నిలిచియుండగా, మూడు తరములు కలిసియున్న యిండ్లలో భాష నిలువకపోవుటకు కారణమిదియే. వారు అప్పగించుట నేర్చిరి, మనము నేర్వలేదు.

కావున నాదొక విన్నపము. మన తరగతులలో గుణింతము ముగించిన ప్రతి బాలునికి, ప్రతి బాలికకు ఇద్దఱు పిన్నలను అప్పగింపుడు. పండ్రెండేండ్ల అక్క ఎనిమిదేండ్ల తమ్మునికి అక్షరములు దిద్దించుగాక. పంతులుగారు అందఱిని కనిపెట్టి చూచుచుండుగాక. ఏడాదికొకసారి ఆ పిల్లలే ఈ వేదికపై ఒక కథనో, పద్యమునో చదివి వినిపించుగాక. బెదిరింపు వలదు, పోటీలు వలదు, చదువునకు భంగము వలదు. బాధ్యత మాత్రము పిల్లల చేతిలో పెట్టుడు. వారు దానిని మోయగలరు.