హార్బర్ నీళ్లలో సబ్బు పొడి కలిపితే ఏమవుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. "అన్నా, డీజిల్ పోసేటప్పుడు కాస్త ఒలికిపోయి నీళ్ల మీద రంగులు తేలితే మేం సబ్బు పొడి నీళ్లు కొడతాం. నిమిషంలో మాయమైపోద్ది. ఇది మంచిదేనా?" అని.

మంచిది కాదు తమ్ముడూ. ఈ మాట పుస్తకం చూసి చెప్పట్లేదు. నేనూ ఆ పని చేసినవాణ్ణే.

ఇంటర్ సెలవుల్లో మా మావయ్య బోటు మీద పనికెళ్లేవాణ్ణి. చెక్క బోటు ఎంత బాగా కట్టినా అడుగున కొంచెం నీరు ఊరుతుంది. ఇంజిన్ నుంచి కారే ఆయిలూ డీజిలూ ఆ నీళ్లలోనే కలుస్తాయి. దాన్ని తోడి బయట పొయ్యడం నా పని. నల్లగా కనబడితే నలుగురూ అరుస్తారని సబ్బు పొడి కలిపి మరీ పోసేవాణ్ణి. ఒక రోజు అలా పోశాక, ఇరవై అడుగుల దూరంలో మా అత్త అదే నీళ్లు బకెట్‌తో తోడి చేపల బుట్ట కడిగింది. రంగు పోయింది గానీ కంపు పోలేదు కదా. కొనేవాడు ఒక చేప ఎత్తి వాసన చూసి, వద్దని వెళ్లిపోయాడు. "ఈ నీళ్లేటిరా, డీజిల్ కంపు కొడతన్నాయి?" అని అత్త నన్నే అడిగింది. నేను తెలీదన్నాను. ఆ రోజు ఆవిడ సంపాదన పోయింది. ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

సరే, విషయానికొద్దాం. డీజిల్ నీటి కంటే తేలిక, పైన పల్చటి పొరలా తేలుతుంది. పైన ఉన్నంతసేపు కొంత ఆవిరైపోతుంది, కొంత మనం తీసెయ్యొచ్చు. సబ్బు పడగానే ఆ పొర సన్నటి బొట్లుగా విడిపోయి నీళ్లలోకి దిగిపోతుంది. కంటికి కనబడదు, అంతే. చేప గుడ్లు, రొయ్య పిల్లలు ఉండే చోటికి మనమే దాన్ని చేర్చినట్టు. పైగా సబ్బు కూడా వాటికి విషమే. హార్బర్ అంటే అలలు రాకుండా గోడ కట్టిన చోటు. మన విశాఖ వైపు ఆటుపోట్ల తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. లోపల పోసింది తొందరగా బయటికి పోదు.

పెద్ద ఓడలకు అంతర్జాతీయ నియమం ఉంది. 400 గ్రాస్ టన్నులు, ఆపైన ఉండే ఓడ అడుగు నీళ్లను వడగట్టి, పది లక్షల వంతుల్లో నూనె 15 వంతులకు మించకుండా చూసుకుని వదలాలి. మన బోట్లకు ఆ యంత్రం పెట్టే చోటే లేదు. మరి చేసేదేంటి? నూనెను మాత్రమే పీల్చుకుని నీటిని వదిలేసే పాలీప్రొపిలీన్ గుడ్డలు దొరుకుతాయి. ఒకటి ఇంజిన్ కింద వేసి, బరువెక్కాక మార్చండి. మార్చిన గుడ్డను నీళ్లలో విసిరితే మాత్రం మొదటికొచ్చినట్టే! వాడిన ఇంజిన్ ఆయిల్ డబ్బాలో పట్టండి, మళ్లీ శుద్ధి చేసేవాళ్లు తీసుకుంటారు. డీజిల్ ట్యాంకు అంచు దాకా నింపకండి. ఎండకి డీజిల్ ఉబ్బి గాలి గొట్టంలోంచి కారుతుంది, అది మీ డబ్బే.

ఇంకో సంగతి రంగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలో బోట్లు ఒడ్డుకెక్కించి గీకి రంగులేస్తాం కదా. నాచు, గవ్వలు పట్టకుండా వేసే రంగులో విషం ఉంటుంది, ఉండాలి కూడా, లేకపోతే పని చెయ్యదు. ఎక్కువ రంగుల్లో ఇప్పుడు రాగి ఉంటుంది. ఒకప్పుడు ట్రైబ్యుటైల్ టిన్ అనేది ఉండేది. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అని ఒక అఖాతం ఉంది, ఆల్చిప్పల పెంపకానికి పేరున్న చోటు. 1970ల చివర్లో అక్కడ ఆల్చిప్ప పిల్లలు బతకడం మానేశాయి, పెద్దవాటి చిప్పలు మందమైపోయాయి. వెతికితే కారణం ఏ ఫ్యాక్టరీ కాదు, అక్కడ కట్టిన చిన్న చిన్న పడవల రంగు! లీటరు నీటిలో ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వంద కోట్లో వంతు ఉన్నా కొన్ని ఆడ నత్తలకు మగ లక్షణాలొస్తాయి. 1982లో ఫ్రాన్స్ 25 మీటర్ల లోపు పడవలకు ఆ రంగు ఆపింది. తర్వాత ఆల్చిప్పలు మళ్లీ నిలబడ్డాయి. ప్రపంచమంతా ఒప్పందంగా అమల్లోకి రావడానికి 2008 పట్టింది.

కాబట్టి గీకేటప్పుడు కింద టార్పాలిన్ పరచండి. పొట్టు ఎత్తి సంచిలో కట్టండి, పోటు నీళ్లకు వదలకండి. మూతికి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము మన ఊపిరితిత్తులకీ మంచిది కాదు. ఇక చేపలు కడగడానికి హార్బర్ నీళ్లు అసలు వాడొద్దు, ఎంత తేటగా కనబడినా.

పోయిన నెల మావయ్య బోటు దగ్గరికెళ్లి ఇంజిన్ కింద ఆ గుడ్డ నేనే వేసొచ్చాను. "ఇదేం పక్కబట్టరా ఇంజిన్‌కి?" అని నవ్వాడు. తియ్యలేదు గానీ. ఎన్ని రోజులకి బరువెక్కిందో, మార్చాడో లేదో చూసి వచ్చే వారం చెప్తాను. అత్తకి కూడా ఈ వీడియో చూపించాలి.