పొరుగు నిల్వ

కొండలలో ఉప్పు పండదు. అది మైదానమునుండి ఘాటురోడ్డు ఎక్కి సంతకు రావలెను. సంతకును సంతకును నడుమ ఒక యింట ఉప్పు నిండుకొన్నచో, ఇల్లాలు ముందుగా పొరుగింట అడుగును. ఇంటర్నెట్టునందును ఇట్టి మర్యాద యొకటి కలదు. దానినిగూర్చి నేడు మనవి చేయుచున్నాము.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పెదబయలు మండలము తూర్పు కనుమల నడుమ, ఒడిశా సరిహద్దున ఉన్నది. ఇట్టి చోటికి తీగ వేయవలెనన్న కొండలు, వాగులు దాటవలెను. ఉపగ్రహము ద్వారా తెచ్చుకొన్నచో ఖర్చు హెచ్చు. ఇచ్చట రెండు పాఠశాలలకు నడుమ నేరుగా ఒక లంకె ఉన్నదనుకొందము. మొదటి బడి పిల్లలు నేడు మొక్కల పాఠమును బొమ్మలతో చూచిరి. రేపు రెండవ బడికి అదే పాఠము కావలెను. దానిని మరల సముద్రముల కావలినుండి రప్పింపవలెనా?

ఒకసారి తెచ్చిన పుటకు నకలు తీసి దగ్గర నుంచుకొను యంత్రమును కాష్ సర్వరందురు. ఇట్టి సర్వర్లు ఇచ్చిపుచ్చుకొను పద్ధతి హార్వెస్టు అను అమెరికా పరిశోధనలో వెలసినది. దానినుండి 1996లో స్క్విడ్ అను సాఫ్ట్‌వేరు పుట్టినది. 1997 సెప్టెంబరులో డువేన్ వెస్సెల్స్, కె. క్లాఫీ అనువారు ఈ పద్ధతి నియమములను ప్రకటించిరి. ఒక సర్వరు ‘ఈ పుట నీయొద్ద కలదా?’ అని చిన్న సందేశము పంపును. పొరుగు సర్వరు ‘కలదు’ అన్నచో అచ్చటినుండియే తెచ్చుకొనును. ఎవ్వరివద్దను లేనిచో మూలమునకు పోవును.

అయితే పొరుగు సొమ్ము వాడుకొనుటకు రెండు కట్టుబాట్లున్నవి. మొదటిది వయస్సు. మొక్కల పాఠము నెల నాటిదైనను చెల్లును. తుపాను హెచ్చరిక నిన్నటిదైనచో ప్రమాదము. కావున గడువు తీరిన నకలును వాడుటకు ముందు ‘ఇది మారినదా?’ అని మూలమును అడుగవలెను. మారలేదన్న చిన్న జవాబు చాలును. పుటనంతటిని మరల తేనక్కరలేదు. రెండవది గోప్యత. ఒకరి బ్యాంకు ఖాతా పదిమంది నిల్వలో ఉండరాదు.

ఈ రెండవ కట్టుబాటే నేడు పరిస్థితిని మార్చినది. ఇప్పుడు వెబ్ పుటలు దాదాపుగా అన్నియు సంకేతబద్ధమై, సీలువేసిన కవరువలె ప్రయాణించుచున్నవి. నడుమనున్న సర్వరు వాటిని చదువజాలదు, చదువనిదానిని పంచిపెట్టజాలదు. ప్రజల రహస్యమునకు ఇది మేలే. కాని సన్నని లంకెపై ఆధారపడిన పల్లెకు పొరుగు నిల్వ చాలవరకు కరవైనది. పెద్ద సంస్థలు ఇంటర్నెట్టు సరఫరాదారుల కేంద్రములలో తమ నిల్వలను తామే ఉంచుకొనుచున్నవి. జనము హెచ్చుగా నున్న చోటికి అవి ముందు చేరుట సహజము.

కావున ఇప్పుడు నిల్వ తనంతట ఏర్పడదు. మనమే బుద్ధిపూర్వకముగా ఏర్పరచుకొనవలెను. పాఠములు, నిఘంటువులు, ఆరోగ్య సూత్రములు రహస్యములు కావు. 2007లో ఆరంభమైన కివిక్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో వికీపీడియాను లంకె లేకయే చదువవచ్చును. తెలుగు వికీపీడియాను సైతము అట్లే దింపుకొనవచ్చును. ఒక బడి దింపుకొన్నదానిని పొరుగు బడి పెన్‌డ్రైవులో పట్టుకొని పోవచ్చును. అయితే నకలుపై దాని తేదీ వ్రాసి యుండవలెను. దానిని ఎప్పటికప్పుడు క్రొత్తది చేయు పూచీని ఒక ఉపాధ్యాయుడు వహింపవలెను. పూచీదారు లేని నిల్వలో ఏది పాతబడినదో పిల్లలకు తెలియదు. అచ్చులో కనబడినదెల్ల నిజమని నమ్ముదురు.