పొగను దాచలేం



పంది పక్కటెముకల గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు నవ్వారు. పీహెచ్‌డీ చేస్తున్నావు, ఇంకో విషయం దొరకలేదా అన్నారు. ఇదే దొరికింది, చెప్తాను.

నాకు ఈ పని నేర్పింది ఒక నాగా మిత్రుడు. వాళ్ల ఇళ్లలో పొయ్యి పైన వెదురు తడికె ఉంటుంది. పంది ముక్కలు దాని మీద రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి పొగలో ఆరతాయి. ఫ్రిజ్ లేని కాలంలో మాంసాన్ని నిలవ ఉంచుకున్న తెలివి అది. మన ఇళ్లలో దండేల మీద ఎండిన తునకలది కూడా అదే తెలివి.

మేము మేడ మీద చేసింది చిన్న పని. సగానికి కోసిన ఇనుప డ్రమ్ము, దాని మీద మూత. ఒక పక్క బొగ్గులు, రెండో పక్క మాంసం. నిప్పు మాంసం కింద ఉండకూడదు. ఎముకల వెనకనున్న పల్చటి పొర లాగేసి ఉప్పు, కారం, వెల్లుల్లి పట్టించాలి. బొగ్గుల మీద ఎండిన మామిడి లేదా జామ కట్టె రెండు ముక్కలు వేయాలి. రంగు వేసిన చెక్క వద్దు. వేడి 110 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. తెల్లగా దట్టంగా వచ్చే పొగ చేదు పట్టిస్తుంది, సన్నటి పొగ కావాలి. ఐదారు గంటలకు మాంసం ఎముక కొసల నుంచి వెనక్కి జరుగుతుంది. ఇది నిలవ ఉండే రకం కాదు, ఆ రోజే తినాలి.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు: పంది తింటే మెదడులో పురుగులు రావా? సరిగా ఉడకని పందిమాంసంతో పేగుల్లో బద్దెపురుగు పెరగవచ్చు, అందుకే బాగా ఉడకాలి. మెదడుకు చేరే జబ్బు మాత్రం ఆ పురుగు గుడ్ల వల్ల వస్తుంది. ఆ గుడ్లు మనిషి మలం కలిసిన నీళ్లు, కడగని కూరగాయలు, శుభ్రంలేని చేతుల ద్వారా నోట్లోకి పోతాయి. మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. తప్పు మురుగు కాలువ కట్టని పాలనది. నింద మాత్రం పందినీ, పందిని పెంచేవాళ్లనూ అంటుకుంది.

వేపుడైతే కిటికీలు మూసి చేసుకోవచ్చు. ఐదు గంటల పొగను ఎక్కడ దాస్తాం? ఇంటి యజమాని మేడ మీదికొచ్చాడు. ఏం కాలుస్తున్నారన్నాడు. చెప్పాను. "అది వాళ్లు తినేది కదా" అన్నాడు. నెల తిరక్కుండా గది ఖాళీ చేశాం. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల కోసం వేసిన పుస్తకంలోనూ ఘాటైన వంటల విషయంలో జాగ్రత్తలు చెప్పారు. వాసన పడనివాళ్లకు ఒక్క జాగ్రత్తా చెప్పలేదు.

కానీ ఆ యజమాని మాట నాకు కొత్త కాదు. మా ఇంట్లో గొడ్డుమాంసం వండేవాళ్లం, పంది మాత్రం గడప దాటలేదు. "అది ఎరుకలోళ్లు తినేది" అనేది మా నాయనమ్మ. మమ్మల్ని ఊరి బయట పెట్టిన మాటనే ఆమె ఇంకొకరి మీద వాడింది. బాబాసాహెబ్ చెప్పిన అంచెల అసమానత అంటే ఇదే. ప్రతి మెట్టు మీదివాడికీ చిన్నచూపు చూడ్డానికి కిందొక మెట్టు ఉంటుంది.

ఎరుకల వారిని పుట్టుకతోనే నేరస్థులుగా రాసిన చట్టం 1952లో రద్దయింది. మన నాలుక మీద రద్దయిందా?

ఈ ఏప్రిల్ 14న మనం కలిసి వండుకునేటప్పుడు బీఫ్ పక్కన పంది గిన్నె కూడా పెడదాం. వడ్డించడానికి మాత్రమే కాదు, వేదిక మీద మాట్లాడడానికి కూడా ఎరుకల అమ్మలను పిలుద్దాం. పొగ ఎటూ దాగదు. మనం కూడా దాక్కోవద్దు.

జై భీమ్.