అగ్నిసాక్షికి తోడుగా అక్షరసాక్ష్యం

(దేవస్థానం కల్యాణ మండపంలో జరిగిన ప్రవాస భక్తుల తల్లిదండ్రుల సమావేశంలో, రిజిస్ట్రేషన్ శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికపై మాట్లాడవలసిందని ధర్మకర్తల మండలివారు కోరినప్పుడు నాకు సంకోచం కలిగింది. నేను శాస్త్రపండితుడను కాను. 31 సంవత్సరాలు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలలో దస్తావేజుల నడుమ గడిపినవాడను. అయితే ఈ మండపంలో ప్రతి ముహూర్తానికీ జరిగే వివాహాలలో అమెరికాలో స్థిరపడిన వరులవీ, వధువులవీ ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లల తల్లిదండ్రులకు పనికివచ్చే ఒక్క విషయం నాకు తెలుసు. అది కూడా పుస్తకం చదివి తెలుసుకున్నది కాదు, సొంత ఇంట్లో కష్టపడి నేర్చుకున్నది. దానినే మీ ముందుంచుతాను.

అమెరికా పౌరుని గాని, అక్కడి శాశ్వత నివాసిని గాని వివాహమాడి, ఆ వివాహబంధం ఆధారంగా గ్రీన్ కార్డు పొందేవారు ఉంటారు. కార్డు లభించిన నాటికి వివాహమై రెండేళ్లు నిండకపోతే, వారికి పదేళ్ల కార్డు ఇవ్వరు. రెండేళ్ల కార్డు ఇస్తారు. దీనిని షరతులతో కూడిన శాశ్వత నివాసం అంటారు. కేవలం నివాస హక్కు కోసం జరిగే బూటకపు వివాహాలను అరికట్టడానికి 1986లో అక్కడి పార్లమెంటు ఈ నియమం తెచ్చింది. ఆ రెండేళ్లలో ఉద్యోగం చేసుకోవచ్చు, స్వదేశానికి వచ్చి వెళ్లవచ్చు. హక్కులకు లోటు లేదు. అయితే గడువు ముగిసేలోగా, తమది నిజమైన కాపురమని నిరూపిస్తూ ఐ-751 అనే దరఖాస్తు సమర్పించి, ఆ షరతును తొలగింపజేసుకోవాలి.

ఇక్కడ ఒక సందేహ నివృత్తి. భర్త హెచ్-1 వీసాపై ఉండగా భార్య హెచ్-4పై వెళ్లిన సందర్భానికి ఈ నియమం వర్తించదు. భర్త ఉద్యోగం ద్వారా కుటుంబమంతటికీ గ్రీన్ కార్డు వచ్చినా వర్తించదు. వివాహం ఆధారంగానే కార్డు వచ్చి, దాని గడువు రెండేళ్లే అయితే వర్తిస్తుంది. కార్డుపై ఉన్న తేదీ చూస్తే తెలిసిపోతుంది.

దంపతులిద్దరూ కలిసి చేసే దరఖాస్తును ఆ గడువు తేదీకి ముందున్న 90 రోజులలోనే పంపాలి. ఉదాహరణకు కార్డు గడువు 2026 నవంబరు 20 అయితే, ఆగస్టు 22 నుండి పంపవచ్చు. అంతకుముందే పంపితే తిప్పి పంపుతారు. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం రాతపూర్వకంగా చూపాలి. అసలే పంపకపోతే నివాస హోదా దానంతటదే రద్దయి, దేశం నుండి పంపివేసే విచారణ మొదలవుతుంది. సకాలంలో పంపినవారికి రసీదు వస్తుంది. నిర్ణయం వెలువడడానికి చాలాకాలం పడుతున్నందున, ప్రస్తుతం ఆ రసీదు పాత కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తున్నది. కనుక ఆ కాగితాన్ని కార్డుతో సమానంగా భద్రపరచాలి.

ఇక మా ఇంటి సంగతి. మా పెద్దమ్మాయి వివాహం మాకు తగిన సంబంధమే. అల్లుడుగారు అక్కడి పౌరులు. వివాహమైన ఎనిమిది నెలలకు అమ్మాయి టెక్సాస్ వెళ్లింది. కాపురం చక్కగా సాగుతున్నదన్న సంతోషంలో మేమున్నాము. సమయం రాగానే పిల్లలిద్దరూ దరఖాస్తు పంపారు. దానితో పెళ్లి ఆల్బమ్, శుభలేఖ, 60 ఫోటోలు జతచేశారు. పదకొండు నెలలకు ఆ కార్యాలయం నుండి లేఖ వచ్చింది. మీరు పంపినవి వివాహం జరిగిందని చూపుతున్నాయి, కలిసి జీవిస్తున్నారని చూపడం లేదు, అదనపు సాక్ష్యం పంపండి అని దాని సారాంశం. గడువు మూడు నెలల కంటె తక్కువ.

ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసి, "నాన్నగారూ, ఈ ఇంట్లో నా పేరు మీద ఒక్క కాగితం కూడా లేదండీ" అన్నది. అద్దె ఒప్పందం వివాహానికి ముందే అల్లుడుగారు ఒక్కరే రాసుకున్నది. కరెంటు బిల్లు, కారు, బ్యాంకు ఖాతా అన్నీ ఆయన పేరిటే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఇంటి వ్యవహారాలు మగవారి పేరిట ఉండడం మన అలవాటు. ఆ అలవాటునే పిల్లలు అక్కడికీ తీసుకువెళ్లారు. నా కార్యాలయానికి వచ్చిన వేలాది మందికి, మాట చాలదు, కాగితం రాయించుకోండి అని చెప్పిన నేను, కన్నకూతురిని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ తప్పు నాది.

తరువాత నెలన్నర రోజులు పిల్లలిద్దరూ వెతికితే సాక్ష్యం ఇంట్లోనే దొరికింది. రెండేళ్లూ ఆదాయపు పన్ను లెక్కలు ఉమ్మడిగానే సమర్పించారు. ఆ వివరాల ప్రతులను పన్నుల శాఖ నుండే తెప్పించారు. అల్లుడుగారి సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమాలో అమ్మాయి పేరు భార్యగా నమోదై ఉన్నది. ఆయన జీవిత బీమాలో లబ్ధిదారు ఆమెయే. ఒక అర్ధరాత్రి కడుపునొప్పితో ఆమెను ఆసుపత్రిలో చేర్చినప్పుడు, అత్యవసరంలో సంప్రదించవలసిన వ్యక్తిగా భర్త పేరు రాసి ఆయన సంతకం చేసిన పత్రం దొరికింది. ఆమె డ్రైవింగ్ లైసెన్సుపై ఉన్నది అదే చిరునామా. మేము వెళ్లి వారితో గడిపిన రోజుల విమాన టికెట్లు మా బీరువాలోనే ఉన్నాయి. ఇవన్నీ వరుసగా పేర్చి పంపారు. కొన్ని నెలల తరువాత, ముఖాముఖి విచారణ లేకుండానే పదేళ్ల కార్డు వచ్చింది.

ఈ అనుభవం నుండి తెలిసిన మొదటి సంగతి ఇది. వివాహం జరిగిందనడానికి రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం ఆధారం. మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ప్రకారం వివాహ నమోదు తప్పనిసరి కూడా. కాని వారు అడిగేది ఆ తరువాతి కథ. తాళి కట్టిన రోజు నుండి దరఖాస్తు పంపే రోజు వరకు ఇద్దరి బ్రతుకూ ఒకటిగా నడిచిందా అన్నదే ప్రశ్న. అందుచేత ఫోటోలకు ఉండే బలం స్వల్పం. ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె ఒప్పందం లేక ఇంటి పత్రాలు, జీతాలు జమ అయి ఇంటి ఖర్చులు జరిగే ఉమ్మడి ఖాతా వివరాలు, ఉమ్మడి పన్ను పత్రాలు, బీమాలు, సంతానం కలిగితే జనన ధ్రువపత్రం, వీటికే బలమెక్కువ. ఉమ్మడి ఖాతా తెరిచి అందులో పైసా వేయకపోతే అది సాక్ష్యం కాజాలదు. దరఖాస్తుకు ముందు నెలలో హడావిడిగా తెరిచినది కూడా అంతంతమాత్రమే.

రెండవది అమరిక. ఒక ఫైలు పెట్టి, కాపురం మొదలైన నాటి నుండి మూడు నెలలకొకసారి రెండు మూడు కాగితాలు అందులో చేర్చండి. రెండేళ్లలో ఎక్కడా ఖాళీ కనబడకూడదు. ఉద్యోగరీత్యా కొంతకాలం వేరు వేరు ఊళ్లలో ఉండవలసి వస్తే దాచవద్దు. కారణం రాసి, రాకపోకల ఆధారాలు జతచేయండి. తెలుగులో ఉన్న పత్రానికి పూర్తి ఆంగ్ల అనువాదం, అనువాదకుడు తన భాషాజ్ఞానాన్నీ అనువాదం సరైనదనీ ధ్రువీకరిస్తూ చేసిన సంతకం ఉండాలి. ప్రత్యేకంగా కోరితే తప్ప ప్రతులనే పంపాలి. అసలు పత్రాలు మీ దగ్గర ఉంచుకోవాలి. ఇల్లు మారితే 10 రోజులలోగా కొత్త చిరునామా తెలియజేయాలి. పాత ఇంటికి వెళ్లిన లేఖ చేతికందకపోయినా గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

మూడవది సాక్షుల ప్రమాణపత్రాలు. దంపతులిద్దరినీ కార్డు వచ్చిన నాటి నుండి ఎరిగిన ఇద్దరైనా ఇవ్వాలి. తమ పేరు, చిరునామా, పుట్టిన తేదీ, స్థలం, దంపతులతో తమ సంబంధం రాయాలి. వీరి కాపురం తమకు ఎలా తెలుసో వివరించాలి. "అన్యోన్యంగా ఉన్నారు" అన్న ఒక్క వాక్యం ఎందుకూ కొరగాదు. ఫలానా పండుగకు వారింటికి వెళ్లాము, ఫలానా నెలలో అమ్మాయికి జ్వరం వస్తే అల్లుడు సెలవు పెట్టి చూసుకున్నాడు అన్న మాటలకు విలువ ఉంటుంది. అక్కడి దేవాలయాలలో ఇద్దరి గోత్రనామాలతో చేయించుకున్న అర్చన రసీదులు, దంపతుల పేరిట ఇచ్చిన విరాళాల రసీదులు కూడా దాచుకోండి. అవి ప్రధాన సాక్ష్యం కావు గాని, తక్కిన వాటికి తోడుగా నిలుస్తాయి. అర్చకస్వామివారు ఆ దంపతులను స్వయంగా ఎరిగి ఉంటేనే ప్రమాణపత్రం కోరండి. ఎరుగని సంగతికి సంతకం చేయమని ఎవరినీ మొహమాటపెట్టవద్దు.

ఇప్పుడు చెప్పబోయేది అమ్మాయిల తల్లిదండ్రులు ముఖ్యంగా వినవలసినది. అన్ని కాపురాలూ నిలబడవు. "నా సంతకం లేకపోతే నిన్ను ఇండియాకు పంపేస్తారు" అని భర్త గాని, అత్తవారు గాని బెదిరించడం నేను విన్నాను. పాస్‌పోర్టు దాచివేయడం, చేతికి రూపాయి ఇవ్వకపోవడం విన్నాను. ఆ బెదిరింపు నిజం కాదు. సదుద్దేశంతో వివాహమాడి, తరువాత విడాకులు పొందినవారు, భర్తను కోల్పోయినవారు, భర్త చేతిలో దెబ్బలు లేక తీవ్రమైన క్రూరత్వం అనుభవించినవారు, దేశం విడిచిపోతే విపరీతమైన కష్టాల పాలయ్యేవారు అదే ఐ-751ను ఒంటరిగా సమర్పించవచ్చు. భర్త సంతకం అక్కరలేదు. 90 రోజుల కిటికీ కోసం ఆగనక్కరలేదు. క్రూరత్వం కారణమైతే విడాకులయ్యే వరకు కూడా వేచి ఉండనవసరం లేదు. ఆమె ఇచ్చిన వివరాలను భర్తకు తెలియజేయకుండా చట్టం అధికారులను కట్టడి చేసింది. ఈ నియమాలు పురుషులకూ సమానంగా వర్తిస్తాయి.

అట్టి సందర్భంలోనూ వివాహం నిజాయితీగా చేసుకున్నదేనని చూపాలి. దానికి తోడు పోలీసు నివేదిక, వైద్యుల పత్రాలు, కోర్టు రక్షణ ఉత్తర్వులు, బెదిరింపు సందేశాలు, చూసినవారి ప్రమాణపత్రాలు ఉపకరిస్తాయి. అమ్మాయి మీకు పంపిన వాట్సాప్ సందేశాలు చెరిపివేయకండి. అవే రేపు సాక్ష్యం కావచ్చు. అక్కడి గృహహింస సహాయ కేంద్రం ఫోను 1-800-799-7233 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, దుబాసీ సౌకర్యం కూడా ఉన్నది. మన కూతురు ఏడుస్తూ ఫోను చేసినప్పుడు "సర్దుకుపో తల్లీ, కార్డు వచ్చేదాకా ఓర్చుకో" అని చెప్పేవారిని చూశాను. దయచేసి ఆ మాట అనకండి. కార్డు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవలసిన అగత్యం చట్టంలోనే లేదు. మంచి వలస న్యాయవాదిని కలవమని చెప్పండి.

చివరిగా ఒక్క మాట. లేని సాక్ష్యాన్ని సృష్టించకండి. పాత తేదీలు వేసిన ఒప్పందాలు, అద్దెకు తెచ్చిన సాక్షులు నిజమైన కాపురాన్ని కూడా అనుమానం పాలు చేస్తాయి. చట్టాన్ని తప్పించుకోవడానికి చేసుకున్న వివాహానికి ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. సత్యంగా బ్రతుకుతున్నవారికి అబద్ధం అవసరం లేదు. ఆ సత్యాన్ని ఎప్పటికప్పుడు కాగితంపై నిలుపుకునే ఓపిక ఉంటే చాలు.

ఈ మండపంలో మూడు ముళ్లకు అగ్నిదేవుడు సాక్షి. ఆ సాక్షిని పరదేశపు కార్యాలయానికి పిలిపించలేము కదా! కనుక అమ్మాయిని విమానం ఎక్కించేటప్పుడు పసుపు కుంకుమలతో పాటు ఒక ఖాళీ ఫైలు కూడా ఆమె పెట్టెలో పెట్టండి. ఆరు నెలలు గడిచాక ఫోను చేసినప్పుడు, "తిన్నావా తల్లీ" అని అడిగిన తరువాత, "ఇంటి కాగితాలలో నీ పేరు ఉన్నదా" అని కూడా అడగండి. నేను అడగక పడిన క్షోభ మీకెవరికీ కలుగకూడదని స్వామివారిని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

సర్వే జనాః సుఖినో భవంతు.